దుప్పటికి రెండో కొస

జూన్ 4

గిలకకి,

మీ అమ్మమ్మ చెబుతుంటే మందుల షాపు పిల్ల రాస్తోంది. యాభై దాటిన మనిషిని పిల్ల అంటారేమిటని ఇప్పుడే మూతి ముడిచింది. అది కూడా రాయమన్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలని మా ఒప్పందం. డాక్టర్ల రాత చదివి చదివి దీని రాత కూడా అలాగే తగలడి ఉంటుంది, తంటాలు పడి చదువుకో.

మీ అమ్మ చేత రాయించకూడదా అంటావు. మీ అమ్మకి ఆసుపత్రి డ్యూటీలు. పైగా నేను కారం చెబితే అది పంచదార కలిపి రాస్తుంది. ఫోనులో అడుగుదామంటే నా చెవుల సంగతి నీకు తెలుసు. లాండ్రీ యంత్రాలు తినేసిన చెవులు. ఫోనులో నువ్వు మాట్లాడినా ఈల వేసినా నాకొకటే.

ఇక అసలు సంగతి. మొన్న నొప్పుల మాత్రల కోసం షాపుకి వెళ్తే ఈ పిల్ల కౌంటరు మీద స్పీకరు పెట్టుకుని ఏదో వింటోంది. "మామ్మగారూ, ఇది మీ మనవరాలి బ్యాండే" అంది. నాకేం వినపడుతుందే అన్నాను. వాల్యూం పెంచి, నా అరచెయ్యి లాగి దాని మీద ఆనించింది. ముందు ఒక కూనిరాగం. ఆ తర్వాత మెట్ల మీంచి బిందెలు దొర్లినట్టు డప్పులు. మళ్ళీ అదే కూనిరాగం. మళ్ళీ అదే. చెవి కంటే ముందు చేతికి తెలిసింది. అది నేనే. ఎవరో నన్ను ఆ డబ్బాలో పెట్టి మూత వేసినట్టుంది.

ఎప్పుడు ఎత్తుకుపోయావో కూడా చెబుతాను. కిందటి వేసవిలో వచ్చినప్పుడు నేను బల్ల మీద దుప్పట్లు మడత పెట్టుకుంటున్నాను. నువ్వు తలుపు దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డావు. ఏం చేస్తున్నావే అంటే మెసేజీలు చూసుకుంటున్నా అన్నావు. అబద్ధం ఆడేటప్పుడు నీకు ముక్కు పక్కన దురద పెడుతుంది. అప్పుడూ గోక్కున్నావు. నాకే బుద్ధి లేకపోయింది.

ఇప్పుడు నా మాట విను. అది సగం పాట. సగం పాట బయటికి పోకూడదు. ఆ ముక్క తీసేయ్. నీకూ ఒక గొంతుంది కదా, దాంతో పాడుకో.

వేళకి తిను. తీసేశాక ఉత్తరం రాయి.

నీ మీద కోపంగా ఉన్న
అమ్మమ్మ

(ఈ అడుగు ముక్క నాది. పాట అయిపోయినా ఆవిడ స్పీకరు మీంచి చెయ్యి తియ్యలేదు. ఇద్దరు గిరాకీలు మందుల చీటీలు పట్టుకుని నిలబడే ఉన్నారు. — మందుల షాపు)

*

జూన్ 15

అమ్మమ్మా,

వ్యాను వెనక సీట్లో కూర్చుని, ఒళ్ళో గిటారు పెట్టె పెట్టుకుని దాని మీద రాస్తున్నాను. అక్షరాలు ఎగిరితే అది రోడ్డు తప్పు.

తప్పయిపోయింది. అడగాల్సింది. అడిగితే నువ్వు ఆపేస్తావు, ఆపితే మళ్ళీ అలా పాడవు అని భయపడ్డాను. నువ్వు పాడుతున్నావని నీకే తెలియనప్పుడు నీ గొంతు వేరేగా ఉంటుంది.

మా సంగతి చెప్పమంటావా? ఏ కంపెనీ మమ్మల్ని తీసుకోలేదు. మా పాటలు మేమే రాసుకుంటాం, మౌని వాళ్ళ మేడ గదిలో పరుపులు గోడలకి ఆనించి మేమే రికార్డు చేసుకుంటాం, మా స్పీకర్లు మేమే మోసుకుంటాం. డ్రమ్ములు వాయించేవాడిని పిడుగు అంటాం. బేసు గిటారు వాయించేవాడు మౌని, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మిగిలింది నేను. బ్యాండుకి ఇంకా పేరు కుదరలేదు. పోస్టర్ల మీద ఎవరికి తోచింది వాళ్ళు వేస్తున్నారు. వారమంతా కాల్ సెంటర్లో జనం తిట్లు తిని, శనివారం వ్యానెక్కుతాను. నిన్నటి షోలో మనుషుల కంటే కుర్చీలు శ్రద్ధగా విన్నాయి. మొదట్లో ఇలాంటివి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు సామాను సర్దుకుని వచ్చేస్తున్నాం.

కానీ అమ్మమ్మా, నీ రాగం మొదలయ్యేసరికి వాళ్ళు ఫోన్లు కింద పెడతారు. ప్రతి చోటా. పిడుగు దరువు కట్టింది నీ ఊపిరి మీదే. నువ్వు గాలి పీల్చే చోట్లు వాడు కత్తిరించనివ్వలేదు. "ఎవరో నడుస్తున్నట్టుంది, అది తీసేస్తే పాటే లేదు" అన్నాడు.

నీకు ఏం న్యాయం చెయ్యాలో నాకు అర్థమైంది. ఇకనుంచి పాట కింద నీ పేరు వేస్తాం. నా పేరు కంటే పైన. సరేనా?

ఆకలీ, నిద్రా రెండూ ఒకేసారి వస్తున్న
గిలక

*

జూన్ 27

గిలకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి అర్థం కాక, రెండోసారి నమ్మలేక. పేరు వేస్తావా? నేను చదవలేని పేరు, ఎక్కడో వేసి, నాకు న్యాయం చేస్తావా? నేను అడిగిందేమిటి, నువ్వు ఇస్తానన్నదేమిటి? కాళ్ళు నొప్పి అంటే తలకి నూనె రాసినట్టుంది.

తప్పు నీది కాదులే, నేను సగం పాట అని వదిలేశాను. మొత్తం చెబుతాను. ఈ పిల్ల టీ తాగి, కొత్త పెన్ను తెచ్చుకుని కూర్చుంది.

పెద్ద లాండ్రీలో మడతల హాలు ఉండేది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఆరి, వేడివేడిగా గుట్టలు గుట్టలుగా వచ్చి పడేవి. ఒక్కో దుప్పటికి ఇద్దరు మనుషులు. ఒకత్తె కిటికీ వైపు కదలకుండా నిలబడి కొసలు బిగించి పట్టుకోవాలి. రెండోది తలుపు వైపు నుంచి తన కొసలతో నడిచి వచ్చి, కొసకి కొస కలిపి, వంగి మడత అందుకుని, మళ్ళీ వెనక్కి నడవాలి. పక్కన యంత్రాల హోరు. పిలిస్తే వినపడి చావదు. అందుకని ప్రతి జంటకీ ఒక రాగం ఉండేది. మాటల్లేవు, ఉత్త రాగం. సగం ఒకరిది, సగం ఒకరిది. ఒకరు ఆపిన చోట రెండోవాళ్ళు ఎత్తుకుంటేనే దుప్పటి ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో చేతులకి తెలిసేది. ఒకరికి జ్వరం వస్తే ఆ రోజు ఆ రాగమే లేదు. ఎదుటి మనిషి సగం మనం పాడటమంటే మాకు ఎంగిలి తిన్న దానికంటే హీనం.

కిటికీ వైపు నేను. తలుపు వైపు నా చెల్లెలు.

నీకు చిన్నమ్మమ్మ ఒకత్తె ఉందని నీకు తెలియదు కదూ. మీ అమ్మకి తెలుసు. దాని ఊసెత్తితే నేను కంచం ముందు నుంచి లేచిపోతానని నోరు మూసుకుని ఊరుకుంది.

మడత పెట్టే యంత్రం వచ్చింది. జంటకి ఒక్కరే ఉంటారు, రెండోవాళ్ళు వెళ్ళిపోవాలి అన్నారు. ఉంటే ఇద్దరం, పోతే ఇద్దరం, ఆఫీసుకి వెళ్ళి అదే చెబుదామనుకున్నాను. పొద్దున్న వెళ్ళేసరికి అది యంత్రం ముందు నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనలేదంటే ఎంత కోపమో నువ్వే ఊహించుకో. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. అప్పటికి మీ అమ్మకి పెళ్ళి కూడా కాలేదు.

నా సగం నాతో వచ్చింది. దాని సగం దానితో పోయింది. నా సగం చివర గాల్లో ఆగుతుంది, గమనించావా? ఎదుటి మనిషి అందుకోవాలని అలా ఆగుతుంది. నువ్వు దాన్ని తిప్పి తిప్పి పెట్టావు. అందుకునే మనిషి లేకుండా నన్ను చేతులు చాచి నిలబెట్టావు, అంతమంది చూస్తుండగా. నా గొడవ అదీ.

తీసేయ్. పిడుగో, ఉరుమో, వాడికి కూడా చెప్పు.

కంచం ముందు నుంచి లేవకుండానే ఇదంతా చెప్పిన
అమ్మమ్మ

*

జులై 10

అమ్మమ్మా,

ఉత్తరం వాళ్ళిద్దరికీ చదివి వినిపించాను. మౌని "ఆవిడ చెప్పింది కరెక్టు" అన్నాడు. ఈ నెలలో వాడు మాట్లాడిన మొదటి వాక్యం అది.

చిన్నమ్మమ్మ గురించి నాకు నిజంగా తెలియదు. ఉందా ఇప్పుడు? ఎక్కడుంది?

పాట తీసేయడం గురించి. అమ్మమ్మా, మాకున్నది ఆ ఒక్క పాటే. మిగతావి మాకు ఇష్టం, అంతే. ఆ పాట కోసమే పిలుస్తున్నారు. నాకు కొంచెం టైమివ్వు. ఆలోచిస్తాను. ఆలోచించే ఓపిక కూడా లేదు, అయినా ఆలోచిస్తాను. పిడుగు చెవుల్లో ఇప్పుడు ఎప్పుడూ గంట మోగుతోందట. నీకూ అలాగే మొదలైందని చెబితే వాడు నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

అక్కా, ఇక్కణ్ణుంచి మీకు మాత్రమే. దయచేసి అమ్మమ్మకి చదవకండి. ఒక పాటల కంపెనీ మనిషి మా షోకి వచ్చాడు. ఈ పాట తీసుకుంటామన్నారు, బ్యాండుని కూడా తీసుకుంటామన్నారు. అయిదేళ్ళుగా ఎదురుచూసిన మాట ఇది. అయితే ఆ గొంతు ఎవరిదో వాళ్ళ ఒప్పుకోలు కావాలట. అమ్మమ్మ వేలిముద్ర. ఆవిడ కోపం తగ్గాక, మెల్లగా, మీరే ఒకసారి కదిపి చూడండి. ఇది కాకపోతే ఇక మేం కలిసి ఉండం. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు.

అమ్మమ్మా, మాత్రలు మర్చిపోకు.

గిలక

*

జులై 19

గిలకా,

నీ ఉత్తరం చదువుతూ చదువుతూ ఈ పిల్ల ఆగింది. నోరు ఆగింది, కళ్ళు ఆగలేదు. కళ్ళు అటూ ఇటూ పోతున్నాయి. తర్వాత గబుక్కున "మాత్రలు మర్చిపోకు" అంది. నాకు చదువు రాదు గానీ, చదివేవాళ్ళ మొహం చదవడం వచ్చు. "ఏమే, మధ్యలో ఏం మింగావు?" అన్నాను. దీనికి అబద్ధం చేతకాదు, మందులమ్ముకునే మనిషి. మొత్తం కక్కేసింది.

(నన్ను క్షమించమ్మా. — మందుల షాపు)

క్షమాపణలు తర్వాత చెప్పుకోండి, ముందు నేను చెప్పేది రాయి.

కాబట్టి ఇదన్నమాట. పేరు పైన వేస్తానన్నావు, తప్పయిపోయిందన్నావు, చిన్నమ్మమ్మ ఉందా అని ముద్దుగా అడిగావు. అన్నీ నా బొటనవేలు కోసం. నేను ఒక వేలినని నాకు ఇప్పుడు తెలిసింది.

వేస్తాను. కానీ ఊరికే వెయ్యను. మిగతా సగం తెచ్చుకో. రెండు సగాలూ కలిసిన పాటకి వేలిముద్ర వేస్తాను. సగం పాటకి వెయ్యను. మీ అమ్మని అడిగితే దాని చిరునామా ఇస్తుంది. నాకు తెలియకుండా అప్పుడప్పుడూ మాట్లాడుకుంటారని నాకు తెలుసు. వెళ్ళు. అది నీకు సగం ఇస్తుందనుకోను. నా ముక్కు లాంటిదే దాని ముక్కూ, ఆకాశంలో ఉంటుంది.

నేను పంపానని చెప్పకు.

బొటనవేలు జేబులో పెట్టుకున్న
అమ్మమ్మ

*

ఆగస్టు 8

అమ్మమ్మా,

చూశాను ఆవిడని. నీ వేలి కోసమే అడిగాననుకుంటే అనుకో. మొదట అది కూడా ఉంది, అబద్ధం చెప్పను. కానీ మెట్లెక్కుతుంటే అది మర్చిపోయాను.

సైకిళ్ళు బాగుచేసే షాపు మీద రెండు గదులు. నిటారు మెట్లు. కొడుకు రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపలి గదిలో నిద్రపోతున్నాడు, అందుకని మేమిద్దరం గుసగుసలాడుకున్నాం. అంటే నేను గుసగుసలాడాను, ఆవిడకి వినపడక "ఆఁ?" అని అరిచింది, కొడుకు లేచాడు.

తలుపు తీసి నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఆ నిలబడటం ఎవరిదో నాకు తెలుసు. పంపిందా?" అంది.

"లేదండీ, నేనే వచ్చాను."

"ముక్కు గోక్కోకు. నోరు ఇంకా అంతేనా దానికి?"

"అంతే."

"సంతోషం. పోతే బెంగపడేదాన్ని."

పాట పెట్టాను. ఫోను చెవికి కాదు, దవడ ఎముకకి ఆనించుకుంది. కాసేపు విన్నది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది.

"ఇది దాని సగమని చెప్పిందా నీకు? ఇది నాది కదే!"

"అమ్మమ్మ తనదే అంటోందండీ" అన్నాను.

"అంటుంది. ఎదురుగా నిలబడి పొద్దస్తమానం విన్నది చెవిలో ఉండిపోయింది. తన నోట్లోంచి వచ్చింది తనెక్కడ విన్నది? దాని సగం నా దగ్గరుంది, విను."

అని పాడింది. అమ్మమ్మా, నీ ముక్క ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ ఎత్తుకుంది. ఒకటే పొడుగు ఊపిరి, మధ్యలో ఎక్కడా తెగలేదు. కిందికి దిగి, దిగి, నేల మీద పెట్టినట్టు ఆగింది. ఇన్నాళ్ళూ మా పాట ఎక్కడ పూర్తవ్వాలో మాకు తెలియదని అప్పుడు తెలిసింది. రికార్డు చేసుకున్నాను. ఈసారి అడిగే చేసుకున్నాను.

యంత్రం సంగతి కూడా చెప్పింది. నేను అడగలేదు, తనే చెప్పింది. "ముందు రోజు మీ అమ్మమ్మ హాలు మధ్యలో నిలబడి, 'దాని ముందు నిలబడే కంటే ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాను' అని అరిచింది. సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు. నా దగ్గరికొచ్చి, 'మీ అక్క వద్దంది, నువ్వుంటావా?' అన్నాడు. నాకు ఇద్దరు చంటిపిల్లలు. ఉంటానన్నాను. సాయంత్రం చెబుదామని వెళ్తే మీ అమ్మమ్మ తలుపు తియ్యలేదు. మర్నాడూ తియ్యలేదు."

ఇప్పుడు ఆవిడ మెట్లు దిగలేదు. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. "నడిచినన్నాళ్ళూ బాగానే ఉన్నాయి. యంత్రం ముందు కదలకుండా నిలబెట్టారు, అక్కడ పోయాయి" అంది.

ఏది ఎవరి సగమో నాకు తెలియదు. మీరిద్దరూ పంచుకోండి. నేను అలిసిపోయాను.

గిలక

*

ఆగస్టు 16

గిలకా,

అది అబద్ధాలకోరు. చిన్నప్పటి నుంచీ అంతే. నా రిబ్బన్లు పెట్టుకుని తనవే అనేది.

నా సగం నాకు తెలియదా? ఇన్నేళ్ళు నా నోట్లో నానిన రాగం నాది కాదా? అయితే ఈ నోరు కూడా దానిదే అంటుందా? అడుగు.

గోళ్ళు గిల్లుకుంటానన్నాను. అన్నాను. ఎందుకనలేదు? అంటే మాత్రం అన్నట్టేనా? నేను అన్నవన్నీ పట్టించుకుంటే ఈ వీధిలో ఒక్క మనిషి మిగిలి ఉండేవాడా? ఈ మందుల పిల్లని రోజూ షాపు తగలెట్టమంటాను, తగలెట్టిందా? నా సొంత చెల్లెలికి నా నోరు సంగతి తెలియదా?

తలుపు కొట్టింది. అది నిజం. రెండు రోజులూ కొట్టింది.

వేలిముద్ర ఇప్పుడు వెయ్యను. ఆలోచించుకోవాలి. నాకు కూడా అలుపు ఉంటుంది.

అమ్మమ్మ

*

సెప్టెంబరు 2

అమ్మమ్మా,

ఇక వేలిముద్ర అక్కర్లేదు. జేబులోంచి తీసి హాయిగా మజ్జిగ కలుపుకో.

రెండు సగాలూ కలిపి పాట మళ్ళీ చేశాం. మొదట నీ గొంతు, దాన్ని అందుకుంటూ ఆవిడ గొంతు. దానికి డ్రమ్ములు అక్కర్లేదని పిడుగే కర్రలు కింద పెట్టేశాడు. మౌని ఒక్క తీగ మీద చివరి దాకా ఉన్నాడు. మేం చేసిన వాటిల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. కంపెనీ మనిషికి పంపాం. వారం ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఫోను చేసి, "పాతదే కావాలి. అది ఆగకుండా తిరుగుతుంటుంది, అందుకే జనం మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటారు. ఇది ముగిసిపోతోంది. ముగిసిపోయిన పాట ఎవడు మళ్ళీ పెడతాడు?" అన్నాడు.

పాతది ఇవ్వం అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, మా ముగ్గురిలో ఎవరినీ అడక్కుండానే వచ్చేసింది. పక్కన ఇద్దరూ ఉన్నారు. ఎవరూ నన్ను ఆపలేదు. నీ మాట కోసం అన్నాననుకోకు. ఆవిడ పాడిన తర్వాత ఆ పాత ముక్క నేను వినలేకపోతున్నాను. చేతులు చాచి నిలబడ్డ మనిషి కనిపిస్తోంది.

అంతే. పిడుగుకి డాక్టరు చెవులు జాగ్రత్త అన్నాడు, వాడు గోడౌన్లో ఉద్యోగానికి చేరుతున్నాడు. మౌని వాళ్ళ మేడ గది అద్దెకిచ్చేస్తున్నారు. ఏడుపు రావాలి కదా, రావడం లేదు. బరువు దింపిన తర్వాత చేతులు తేలికగా వణుకుతాయి చూడు, అలా ఉంది.

అక్టోబరు మొదటి ఆదివారం సాయంత్రం ఒక్క షో ఉంది. ఆఖరిది. ఆ సైకిల్ షాపతను ఖాళీ చేసి ఇస్తానన్నాడు, షాపులోనే. ఆవిడ మెట్లు దిగలేదు కదా, మేమే ఆవిడ కిందికి వస్తున్నాం. కొడుకు కుర్చీలో ఎత్తి దింపుతానన్నాడు.

కొత్త పాట అక్క ఫోనుకి పంపాను. వినాలనిపిస్తే విను. వినకపోయినా సరే.

గిలక

*

సెప్టెంబరు 14

గిలకా,

ఈ పిల్ల ఇవాళ షాపు మధ్యాహ్నమే మూసి స్పీకరు ఇక్కడికే తెచ్చింది. నేను వినను అన్నాను. వినకండి, దుప్పట్లు మడత పెట్టుకోండి, నేను వింటాను అంది. దీనికి నా దగ్గర మాట్లాడటం అలవాటైపోయింది.

రెండో కొస పట్టుకోమన్నాను. పట్టుకుంది. పట్టుకోవడమంటే అదీ ఒక పట్టుకోవడమేనా, పిల్లి తోక పట్టుకున్నట్టు. సరేలే అని నేను కిటికీ వైపు నిలబడ్డాను. పాట మొదలైంది. నా ముక్క. నేను కూడా లోపల్లోపల అందుకున్నాను. కాళ్ళు కదిలాయి.

నేను నడుస్తున్నాను. ఈ పిల్ల వైపు నడుస్తున్నాను, కొసలు పట్టుకుని.

ఆగి, మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాను. గోడకి వీపు ఆనించి నిలబడి పాడి చూశాను. కుదరలేదు. ఆ ముక్కలో మధ్య మధ్య ఊపిరి తెగుతుంది. అడుగు వేసినప్పుడల్లా తెగుతుంది. నిలబడ్డ మనిషికి ఊపిరి ఎందుకు తెగుతుంది? పిడుగు అన్నాడన్నావే, ఎవరో నడుస్తున్నట్టుందని. వాడి చెవులకి ఏం కాలేదని వాళ్ళ డాక్టరుకి చెప్పు.

తర్వాత దాని గొంతు వచ్చింది. ముసలిదైపోయింది. ఒకటే ఊపిరి. కిటికీ దగ్గర కొసలు బిగబట్టి, ఎదురుగా వచ్చే మనిషి కోసం ఆగి ఉన్నవాళ్ళ ఊపిరి. అది నాది. నేను అలా పాడేదాన్నని నాకే తెలియదు. దాని చెవిలో దాచి పెట్టుకుంది ఇన్నేళ్ళూ, దాని ముక్కు మండ.

అది గెలిచిందని రాయకు. రాశావా? కొట్టేయ్. కొట్టేయనంటోంది. ఉండనీ.

కంపెనీవాడు అన్నాడే, ముగిసిపోయిన పాట ఎవరు పెడతారని. ఇవాళ ఇక్కడ ఎన్నిసార్లు పెట్టించానో ఈ పిల్లని అడుగు. దుప్పట్లన్నీ అయిపోతే, మడత పెట్టినవి విప్పి మళ్ళీ మడత పెట్టాం.

ఈ కాగితం అడుగున వేలిముద్ర వేశాను. కొంచెం అలుక్కుపోయింది, చెయ్యి తడిగా ఉంది. కంపెనీకి కాదు. నీ దగ్గర పెట్టుకో. నువ్వు అడక్కుండా తీసుకున్నది ఇప్పుడు నేను ఇస్తున్నాను, అంతే. బ్యాండు పోతే పోయింది, గొంతు పోలేదుగా. ఆ కాల్ సెంటర్లో తిట్లు తిని దాన్ని పాడు చేసుకోకు.

ఆదివారం మీ అమ్మ డ్యూటీ మార్చుకుంటానంది. తీసుకొస్తుంది. సైకిల్ షాపట, నూనె మరకలు ఉంటాయి, చీర పాతదే కడతాను. పెద్ద దుప్పటి ఒకటి తెస్తున్నాను, లాండ్రీ నాటిది, ఇంకా చిరగలేదు. నువ్వు మీ చిన్నమ్మమ్మని కుర్చీతో సహా కిటికీ వైపు కూర్చోబెట్టి కొసలు చేతికివ్వు. ఇంకేం చెప్పకు. మోకాళ్ళు లేవని, నడవలేనని ఏదో అంటుంది. అననీ.

నడిచే సగం నాకు వచ్చు.

అమ్మమ్మ